ధన్‌సింగ్‌కు ఏం ఇష్టం

మందు మానేసిన మనిషిని ఇంకో అలవాటు పట్టుకోక మానదు. ఒకడు పొద్దస్తమానం గుట్కా నములుతాడు. ఒకడు మాల వేసుకుని భజనల్లో పడతాడు. ఇంకొకడు కనబడ్డ ప్రతివాడికీ మందు మానమని నీతులు చెప్పి ప్రాణం తీస్తాడు. కోటేష్‌కు మాత్రం ‘తప్పయింది’ అనడం పట్టుకుంది.

ఇల్లందు నుంచి అడవి వైపు పోయే దారిలో, జామాయిల్ తోటల వెనక ఉంటుంది వాళ్ల తండా. పొద్దున లేచి తల్లి జమ్లి మొహం చూడగానే ‘తప్పయింది యాడీ’ అంటాడు. అన్నం పెడుతున్న భార్య కవితతో అంటాడు. బస్సులో ఎవడో తన కాలు తొక్కితే, వాడికంటే ముందు తనే అంటాడు. ఇక వదిన రూప్లి ఎదురైతే నోటితో అని ఊరుకోడు, ఒంగి కాళ్లు పట్టుకుంటాడు. ఆమె నెత్తిన నీళ్ల బిందె ఉందా, పత్తి మూట ఉందా అని చూడడు. ఆమె బిందె దించుకుని, ‘లే కోటేష్, లే. అయిందేదో అయింది, ఏడ్వకు’ అని వీపు నిమరాలి. అతను కళ్లు తుడుచుకున్నాక మళ్లీ బిందె ఎత్తుకుని పోవాలి. చూసినవాళ్లంతా ‘పాపం, పిల్లగాడు మారిండు’ అనుకునేవాళ్లు. బిందె మోసేదాని సంగతి ఎవరూ అనుకోలేదు.

చేసిన తప్పు చిన్నదేం కాదు. నాలుగేళ్లు కావస్తోంది. కోటేష్, అతని అన్న ధన్‌సింగ్ జామాయిల్ కర్ర కొట్టి లారీలకెత్తే పనికి కలిసి పోయేవాళ్లు, కలిసే తాగేవాళ్లు. ఆ రోజు ఇల్లందులో తాగి బయల్దేరారు. బండి తోలింది కోటేష్. తండాకు కనుచూపు దూరంలో ఉన్న కల్వర్టు మలుపులో బండి గోడకు గుద్దుకుంది. వెనక కూర్చున్న ధన్‌సింగ్ అక్కడికక్కడే పోయాడు. కోటేష్‌కు గడ్డం కింద కుట్లు పడ్డాయి, అంతే. అన్నకు ప్రాణం పోయి తనకు కుట్లు పడడమేమిటన్నది అతను ఇప్పటికీ మింగలేకపోతున్నాడు.

కేసయింది. కొన్నాళ్లు జైల్లో ఉండి వచ్చాడు. వచ్చాక మునుపటికంటే ఎక్కువ తాగాడు. కవిత పుట్టింటివాళ్లు ఖమ్మం తీసుకుపోయి మందు మాన్పించే వార్డులో పడేశారు. బాగయి వచ్చాడు. బంధువుల పెళ్లిలో ఎవరో బలవంతం చేస్తే ఒక్క గుక్క తాగి, ఆ గుక్కతో మళ్లీ మొదటికొచ్చాడు. రెండోసారి వార్డుకు తనంతట తనే పోయాడు. అప్పటినుంచి ముట్టలేదు. ఒంటికి రంగొచ్చింది, ఆకలి పుట్టింది, నిద్ర పడుతోంది. చిక్కంతా అక్కడే వచ్చింది. కంచంలో ముద్ద రుచిగా అనిపిస్తే చాలు, అన్న నోటి దగ్గర లాక్కుని తింటున్నట్టుండేది. అందుకే తీపి మానేశాడు, పరుపు మానేశాడు, బండి ఎక్కడం మానేశాడు. కొత్త మనిషి ఎవరు పరిచయమైనా రెండో మాటగా ‘నేను మా అన్నను చంపిన’ అని చెప్పేవాడు. విన్నవాళ్లకు ఏమనాలో తెలియక టీ తాగించి పంపేవాళ్లు.

ఖమ్మం వార్డులో పద్మప్రియ అని కౌన్సెలింగ్ మేడం ఉండేది. ఆమె ఒకసారి, “మందు మానినవ్ గానీ నిన్ను నువ్వు కొట్టుకునుడు మానలేదు కోటేష్. ఈ రెండోది నిన్ను మళ్ల మొదటిదాని కాడికే తోల్కపోతది, చూస్కో” అంది. కోటేష్ శ్రద్ధగా విని, తలూపి, “తప్పయింది మేడం” అన్నాడు. ఆమె నెత్తి కొట్టుకుంది.

ఇదిలా ఉండగా దీపావళి వచ్చింది. లంబాడీలకు అది దవాళి. టపాకాయల సంగతి పిల్లలకు, పెద్దల సంగతి పెద్దలకు. పొద్దున వాకిట్లో నిప్పులు పోసి, బెల్లపు అన్నం, నెయ్యి ఆ నిప్పుల మీద వేస్తూ, పోయినవాళ్లను ఒక్కొక్కరినే పేరుపెట్టి పిలుస్తారు. దాన్ని ధబుకార్ అంటారు. జమ్లి ఇంట్లో ఇంకో పద్ధతి కూడా ఉంది. బతికినన్నాళ్లు ఎవరికి ఏది ఇష్టమో, అన్నం తర్వాత అది కూడా నిప్పుల్లో వేయాలి. మిగిలింది పెట్టినవాడు నోట్లో వేసుకోవాలి. పెద్దల ఎంగిలి కాదనకూడదు. పెట్టేది కొడుకో, మనవడో, తమ్ముడో అయి ఉండాలి.

ధన్‌సింగ్ పేరు ఇంతవరకూ ఎవరూ పిలవలేదు. మొదటి దవాళికి ఇంట్లో పండుగే లేదు. తర్వాతిదానికి కోటేష్ జైల్లో ఉన్నాడు. ఆ తర్వాతిదానికి ఒళ్లు తెలియకుండా అదే కల్వర్టు కింద పడి ఉన్నాడు. ధన్‌సింగ్‌కు కొడుకుల్లేరు, సంగీత ఒక్కతే కూతురు. పండుగ ముందు రోజు జమ్లి కోటేష్‌ను, కవితను పిలిచి కూర్చోబెట్టింది. ఇంట్లో వాళ్ల మాటలు లంబాడీలోనే నడుస్తాయి, మనం తెలుగులో చెప్పుకుందాం.

“నీ అన్న కలలకొచ్చిండు రా. వాకిట్ల నిలబడ్డడు, లోపలికి రాలే. ఆకలితోటి తిరుగుతున్నడు. రేపు నువ్వు పెట్టాలె.”

“నా చేతితోటా? చంపినోని చేతి కూడు తింటడా యాడీ?”

“వాడు నీ అన్న. తినక ఏం జేస్తడు?” అంది జమ్లి. “అడివిలున్న గూడెం నుంచి ఇప్పసారా తెప్పించిన. వానికి అదే గదా పాణం. పోసి, మిగిలింది నువ్వు నోట్లె ఏసుకో.”

కవిత ఉలిక్కిపడింది. “యాడీ, ఆయన తాగొద్దు. ఒక్క చుక్క గూడ వద్దని దవాఖానల చెప్పిండ్రు.”

“ఒక్క గుక్కనే గదే.”

“పెండ్లిల గూడ ఒక్క గుక్కనే తాగిండు. ఆ గుక్క ఎండాకాలం దాటినంక గూడ ఆగలే.”

“అది మందు, ఇది పెద్దల ఎంగిలి. పెద్దల ఎంగిలి తాగినోడు చెడిపోడు.”

“మామ గూడ గట్లనే మొదలువెట్టిండని నువ్వే చెప్పినవ్,” అంది కవిత. అత్త ముందు ఎప్పుడూ గొంతు లేపని మనిషి, ఆ రోజు లేపింది.

జమ్లికి కోపమొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నా కొడుకు ఆకలి నాకెరుక, నీకేం ఎరుక అని ఏడ్చింది. అత్తాకోడళ్లు ఇద్దరూ కోటేష్ వైపు చూశారు. అతను, “చేస్త,” అన్నాడు.

అది ధైర్యంతో అన్న మాట అయితే ఎంత బాగుండేది! కాదు. ఆ క్షణం అతని లోపల ఒక పాడు శాంతి కలిగింది. సరే, పోయి తాగుతాను, మళ్లీ పడిపోతాను, నాలాంటోడికి అదే న్యాయం అనుకున్నాడు. అన్న మట్టిలో ఉంటే తమ్ముడు బుగ్గలు నిండి తిరగడమేమిటి? ఆ గుక్క అన్నే పంపిస్తున్నాడేమో, తన బాకీ తీర్చుకోవడానికి. కవిత అతని మొహం చూసి అదంతా చదివేసింది. అన్నేళ్లు తాగుబోతుతో కాపురం చేసిన మనిషికి మొహం చదవడం ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున జమ్లి వాకిట్లో పేడనీళ్లు చల్లి, పొయ్యిలోంచి నిప్పులు తెచ్చి పోసింది. రూప్లి, సంగీత వచ్చి ఒక పక్కన నిలబడ్డారు. సంగీత ఇల్లందులో ఇంటర్ చదువుతోంది, అచ్చం తండ్రి ముక్కు. కోటేష్ ఆ పిల్ల వైపు నేరుగా చూసి చాలా కాలమైంది. కవిత గడప మీద నిలబడి తలుపు రెక్క పట్టుకుంది. గట్టిగా అరిచి ఆ సీసా లాగేసుకుందామని ఆమె చెయ్యి ఊరుకోవడం లేదు. కానీ అత్త ఏడుపు, పోయినవాడి పేరు, పండుగ పూట. ఊరుకుంది.

ముందు తాతను పిలిచారు. బెల్లపు అన్నం, నెయ్యి పడగానే నిప్పు చిటపటమంది. తర్వాత నాయనమ్మకు అన్నం, ఒక పొగాకు ముక్క. తర్వాత తండ్రికి అన్నం, వెలిగించిన బీడీ. అంతవరకూ కోటేష్ చెయ్యి బాగానే ఆడింది. “ఇగ నా పెద్దోన్ని పిలువు,” అని జమ్లి సీసా మూత తీసి అతని చేతిలో పెట్టింది.

ఇప్పపువ్వు వాసన ముక్కుకు తగిలింది. అబద్ధమెందుకు, కోటేష్ నోట్లో నీళ్లూరాయి. నాలుగు ప్రాణాలు చూస్తున్న వాకిట్లో, అన్న పేరు పిలవబోతూ, నోరూరింది. సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ సిగ్గుకు కూడా మందు ఆ సీసాలోనే ఉంది. అన్నం నిప్పుల మీద వేసి, సీసా వంచబోతూ, తండ్రి పెట్టే రోజుల నుంచీ వింటున్న మాట అందుకున్నాడు.

“భియా, నీకు ఇష్టమైన...”

అక్కడ ఆగిపోయాడు. ‘ఇష్టమైన’ అన్న మాట నోటికొచ్చాక, ఇదేనా ఇష్టం అని లోపల ఎవరో అడిగినట్టయింది. అన్న మొహం గుర్తు తెచ్చుకోబోయాడు. కల్వర్టు దగ్గర నెత్తురు మొహం వచ్చింది. దాన్ని నెట్టి వెనక్కి పోతే, ఇల్లందు వైన్‌షాపు పక్కన గ్లాసు పట్టుకున్న మొహం వచ్చింది. ఇంకా వెనక్కి పోదామంటే దారి లేదు. ఒక చాపలో పడుకుని పెరిగారు. ఒక కంచంలో తిన్నారు. ఏం తిన్నారు? అన్న ఎట్లా నవ్వేవాడు? ఏమీ రావడం లేదు. ఇన్నేళ్లూ ఆ ఒక్క సాయంత్రాన్నే తోముకుంటూ కూర్చుంటే, మిగతా అన్న ఎటో పోయాడు. కోటేష్‌కు భయమేసింది. అన్నను రెండోసారి కూడా పోగొట్టుకున్నానని భయమేసింది.

“ఏందిరా, పొయ్యి జల్దీ, నిప్పు ఆరిపోతది,” అంది జమ్లి.

అతను సీసా కింద పెట్టాడు. రూప్లి వైపు తిరిగాడు. “భాబీ, అన్నకు ఏం ఇష్టం ఉండె?”

“గది చేతిల వెట్టిన గదరా!” అంది తల్లి.

“ఇది గాదు యాడీ. ఇది గాకుంట. నాకు యాదికొస్తలేదు. భాబీ, నాకు ఒక్కటన్నా యాదికొస్తలేదు. తప్పయిం...” అంటూ అలవాటుకొద్దీ ఆమె కాళ్ల మీదికి ఒంగాడు.

రూప్లి చటుక్కున వెనక్కి జరిగింది. “ఆగు. నా కాళ్లు పట్టకు.”

కోటేష్ ఒంగినవాడు ఒంగినట్టే ఉండిపోయాడు.

“నాలుగేండ్లు పట్టినవ్, చాలు. నువ్వు పడ్డప్పుడల్ల నిన్ను లేపాలె, నీ కండ్లు తుడవాలె, ఊకో ఊకో అనాలె. మొగుడు పోయింది నాకు కోటేష్. నన్ను ఒక్కనాడన్న ఏడ్వనిచ్చినవా? నాకంటే ముందుగాల నువ్వే ఏడుస్తవ్. నిన్ను ఊకోబెట్టి ఇంటికి పోతే నాకు ఏడుపు రాదు, మంట వస్తది.”

“నన్ను మాఫ్ చెయ్యమని గదా భాబీ...”

“అడగకు. చేసిన్నో లేదో నాకే ఎర్క లేదు. ఒక దినం పోనీ తియ్ అనిపిస్తది. ఒక దినం నీ మొకం చూడబుద్ధి గాదు. అది నా బాధ, నేను పడ్త. దానికోసం నువ్వు నా వాకిట్ల కాపలా ఉండకు. నీ బతుకు నువ్వు బతుకు. నువ్వు తాగి చచ్చినవనుకో, ఆయన లేసి వస్తడా?”

వాకిట్లో కోళ్లు చెదిరిపడ్డ మెతుకులు ఏరుకుంటున్నాయి. కోటేష్ మెల్లగా నిటారుగా నిలబడ్డాడు. తిట్టు తిన్నవాడికి నొప్పి పుట్టాలి కదా, అతనికి మాత్రం ఎవరో భుజం మీది దుంగను ఇంకో చివర పట్టుకున్నట్టు అనిపించింది. ఈమె తనను క్షమించలేదు. అయినా తను నిలబడే ఉన్నాడు. ఈ రెండూ ఒకచోట ఉండొచ్చని అతనికి ఇంతవరకూ తెలియదు.

రూప్లే మళ్లీ అందుకుంది. ఈసారి గొంతు తగ్గింది.

“ఏం ఇష్టమని అడిగినవ్ గదా. జొన్నరొట్టె. ఎచ్చటిది గాదు, తెల్లారినంక గట్టివడ్డది. బెల్లం చాయ్‌ల ముంచుకొని తినేటోడు. అడుగున ముక్కలు మిగిల్తే గ్లాసుల ఏలువెట్టి తీసుకునేటోడు. పిల్లగాని తీరు ఏందయ్యా ఇది అని తిట్టేదాన్ని.”

“ఆఖరి ముక్క నాకు పెట్టేటోడు,” అంది సంగీత. “వద్దన్నా పెట్టేటోడు. చాయ్‌ల నాని మెత్తగుంటది. నాకు అస్సలు నచ్చకపోయేది.” అని, ఇప్పుడు పెడితే తినాలనుందో ఏమో, పెదవి కొరుక్కుంది.

జమ్లి నిప్పుల వైపే చూస్తూ కూర్చుంది. “వాన్ని పాలు మాన్పిచ్చింది ఆ రొట్టెతోనే,” అంది. “ఏడ్సి ఏడ్సి, ఒక్కపారి రొట్టె నోట్లె వెట్టుకొని ఊకున్నడు. మల్ల నా కాడికి రాలే.” అప్పుడు ఆమెకు సారా సీసా కనబడింది. అందుకుని కవితకు ఇచ్చింది. “దీన్ని దూరం తీస్కపోయి పారబొయ్యి. ఒకన్ని తాగింది, చాలు.”

కవిత సీసా పట్టుకుని దాదాపు పరుగెత్తింది. కంచె అవతల ఒంపి, తిరిగొచ్చి పొయ్యి మీద గిన్నె పెట్టింది. రాత్రి తను తినకుండా వదిలేసిన జొన్నరొట్టె బుట్టలో ఉంది. బెల్లం చాయ్ కాచి, గ్లాసులో పోసి, రొట్టె తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

కోటేష్ రొట్టె తుంచి చాయ్‌లో ముంచి నిప్పుల మీద పెట్టాడు. సుయ్‌మని పొగ లేచింది, మాడిన బెల్లం వాసన వాకిలంతా కమ్ముకుంది.

“భియా, నీకు ఇష్టమైన రొట్టె. తీసుకో.”

మిగిలింది తనే తినాలి. నోట్లో పెట్టుకున్నాడు. ఎంతో కాలం తర్వాత నాలుక మీద తీపి. నములుతుంటే, పిలవకుండానే వచ్చింది. చలికాలం పొద్దున. ఒకే దుప్పటి. తన చాయ్ అయిపోగానే అన్న పక్కకు జరిగి, కోటేష్ గ్లాసులో రొట్టె ముంచేవాడు. వీడు యాడీ అని అరవబోతే, కళ్లు రెండూ ముక్కు మీదికి తెచ్చి మెల్లకన్ను పెట్టేవాడు. అరిచేవాడు కాస్తా నవ్వేసేవాడు. ఆ లోపల రొట్టె మాయం.

“నా గ్లాసుల ముంచేటోడు!” అన్నాడు కోటేష్ గట్టిగా. “దొంగ! తనది జల్దీ తాగి నా గ్లాసుల ముంచేటోడు! మెల్లకన్ను వెట్టేటోడు, గిట్ల...” అని చేసి చూపించాడు.

సంగీత ఫక్కున నవ్వింది. రూప్లి కూడా నవ్వింది. “అవ్, గట్లనే, గట్లనే,” అంది. నలభై ఏళ్ల మనిషి నోటి నిండా రొట్టెతో, కళ్లు ముక్కు మీదికి తెచ్చి నిలబడితే ఎవరికైనా నవ్వొస్తుంది. కోటేష్‌కూ వచ్చింది. నవ్వుతూ, అన్న కూడా నవ్వుతున్నాడా అని పక్కకు చూశాడు. చిన్నప్పటి నుంచి ఏ నవ్వు వచ్చినా ముందు అటే చూసేవాడు.

పక్కన ఎవరూ లేరు.

నేను చంపిన, నేను చంపిన అని ఊరందరికీ చెప్పుకున్నాడు ఇన్నాళ్లూ. ఆ మాటలో ఉన్నదంతా తనే. అన్న లేడన్న సంగతి అతను ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా చెప్పుకోలేదు. రొట్టె నోట్లో అలాగే ఉంది.

“భియా లేడు,” అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. “యాడీ, మన భియా లేడు.”

నేల మీద కూలబడి ఏడ్చాడు. అది రోజూ ఏడ్చే ఏడుపు కాదు, అందులో తప్పయిందన్న మాట లేదు. నిప్పులకు అటు పక్కన రూప్లి మోకాళ్ల మీద తల పెట్టుకుని, ఇన్నేళ్లకు, గొంతెత్తి ఏడ్చింది. సంగీత నాయనమ్మ ఒళ్లో మొహం దాచుకుంది. పొరుగింటివాళ్లు గోడ మీది నుంచి తొంగిచూసి, పండుగ పూట ఈ ఏడుపులేమిటని వచ్చి ఊకోబెట్టబోతే, కవిత గడప దిగి అడ్డం నిలబడింది.

“ఏడ్వనియ్యుండ్రి,” అంది.